మకుటమూ, పర్సెంట్-డి

ధర్మపురిలో పెరిగినవాళ్ళకి నరసింహ శతకం బడికంటే ముందే ఇంట్లో వచ్చేస్తుంది. రాసిన శేషప్ప కవి మా ఊరివాడే. ప్రతి సీసం చివరా అదే మకుటం, అందులో మా ఊరి పేరు.

తర్వాతెప్పుడో సి భాషలో ప్రింట్ఎఫ్ చూస్తే ఆ మకుటమే గుర్తొచ్చింది. మారని మాటలు కొన్ని, వాటి మధ్య నింపాల్సిన ఖాళీలు. పర్సెంట్-డి దగ్గర మామూలు పూర్ణాంకం రావాలి, పర్సెంట్-ఎల్‌డి దగ్గర లాంగ్. పద్యంలో గణం తప్పితే చెవి పట్టేస్తుంది. ఇక్కడ తప్పితే ఒక చెత్త అంకె పడుతుంది, ఎవరూ చూడరు.

కొన్నేళ్ళ క్రితం ఒక పాత ప్రోగ్రామ్‌లో ఇంట్ లెక్కలన్నీ లాంగ్‌గా మార్చాం. వందల ఫైళ్ళు. సెడ్‌తో ఒక్క వరుసలో పర్సెంట్-డిలన్నీ మార్చేశాను. మర్నాడు రిపోర్టుల్లో తేదీలు పాడయ్యాయి. తేదీ రాసే ఫంక్షన్‌లో పర్సెంట్-డి అంటే పూర్ణాంకం కాదు, నెలలో ఎన్నో రోజు అని. అక్షరాలు అవే, అర్థం వేరు.

తప్పు సెడ్‌ది కాదు. 1973లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ ఈడీ ఎడిటర్ నుంచి గ్రెప్‌ని విడదీశాడు. ఆ వెంటనే లీ మెక్‌మాన్ సెడ్ రాశాడు. రెండూ చూసేది అక్షరాల వరుసనే. అది ఎవరి పర్సెంట్-డి అని అడగవు.

పందొమ్మిదో శతాబ్దంలో కడపలో సి.పి. బ్రౌన్ దగ్గరి పండితులు ఒకే కావ్యం తాళపత్ర ప్రతుల్ని పక్కపక్కన పెట్టి పాఠం సరిచూసేవారు. యతి ఎక్కడ తప్పిందో చూస్తే లేఖకుడి పొరపాటు ఎక్కడుందో దొరికేది. వాళ్ళకి అక్షరాలతోపాటు పద్యం కట్టడం కూడా తెలుసు.

ప్రోగ్రాములకి ఆ పండితుడు కొక్సినెల్. యోఆన్ పాడియోలో, జూలియా లాల్ బృందం లినక్స్ కెర్నెల్ కోసం దీన్ని తయారుచేసి 2008లో ఒక పరిశోధనా పత్రంలో వివరించారు. ఫ్రెంచిలో ఆ మాటకి లేడీబగ్ అని అర్థం, పేనుబంకని తినే పురుగు. ఇది సి వ్యాకరణం తెలిసి వెతుకుతుంది. 'లాంగ్ రకం విలువ ఇచ్చిన ప్రింట్ఎఫ్‌లలో మాత్రమే మార్చు' అని చెప్పొచ్చు. తేదీల జోలికి పోదు. 2018 నాటికి కెర్నెల్‌లో 6,000కి పైగా మార్పులు దీని సాయంతో జరిగాయి.

అయినా పండితులు కూడా ఒక్కోసారి కవి కావాలని చేసిన ప్రయోగాన్ని తప్పనుకుని దిద్దేస్తారు. అందుకేనేమో, మనం అడక్కపోతే కొక్సినెల్ ఫైలుని ముట్టుకోదు, ఏం మారుస్తుందో ముందు చూపిస్తుంది. సెడ్‌ని కూడా ఆ రోజు ముందు చూపించమని అడిగి ఉండొచ్చు. నేనే అడగలేదు.