కుట్రకు పుట్టిల్లు అంతఃపురమేనా?

2011 జనవరిలో తుర్కియేలోని షో టీవీలో ఒక చారిత్రక సీరియల్ మొదలైంది. పేరు 'ముహ్తెషెమ్ యూజ్‌యిల్', మహోజ్జ్వల శతాబ్దం అని అర్థం. పదహారో శతాబ్దపు ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్, బానిసగా వచ్చి ఆయన పట్టపురాణి అయిన హుర్రెం, ఆమెకంటే ముందు ఆయనకు కొడుకును కన్న మహిదెవ్రాన్, వీళ్ల చుట్టూ వజీర్లు, ఖోజాలు, దాసీలు. నడుమ ఛానల్ మారినా ఆగలేదు. 2014 జూన్ దాకా 139 భాగాలు సాగింది. అరబ్బు దేశాలు చూశాయి, బాల్కన్ దేశాలు చూశాయి, పాకిస్తాన్‌లో ఉర్దూ మాటలు తొడుక్కుని 'మేరా సుల్తాన్' అయింది. తలుపుచాటు వినికిళ్లు, విషప్రయోగాలు, కడుపులో మంట పెట్టుకుని పైకి నవ్వే సవతులు ఇందులో కొల్లలు. చూసేవాళ్లు ఇదంతా ఇస్తాంబుల్ తోప్‌కపి కోట దస్తావేజుల్లోంచి తీసిన సరుకు అనుకుంటారు. దస్తావేజుల్లో ఇందులో చాలా భాగం లేదు. ఈ కథకు రెండు పుట్టుకలు ఉన్నాయి. కొడుకుల మధ్య చావు బతుకుల పోటీ పెట్టింది వారసత్వ పద్ధతి. ఆ పోటీకి మంత్రాంగం నడిపే ఆడమనిషి ముఖాన్ని అతికించింది లోపలికి అడుగుపెట్టలేని బయటివాళ్లు. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే సీరియల్ చరిత్రా అర్థం కాదు, అసలు చరిత్రా అర్థం కాదు. విడదీయడానికి పనికొచ్చే గీటురాయి ఒకటి పాలమూరు మెట్ట నేలలో, కోస్గికి దక్షిణాన ఉన్న కోయిలకొండ కోటలో ఉంది. అక్కడికి వెళ్లేముందు ఇస్తాంబుల్ లెక్క తేల్చాలి.

ఒట్టోమన్ వంశంలో పెద్దకొడుకే రాజు కావాలన్న నియమం లేదు. సుల్తాన్ కొడుకులందరికీ హక్కు సమానమే, గెలిచినవాడిదే గద్దె. ఇస్తాంబుల్‌ను గెలిచిన రెండో మెహ్మెద్ పేర ఉన్న కానూన్‌నామా, రాజ్యం చీలకుండా ఉండేందుకు గద్దెనెక్కినవాడు సోదరులను చంపించడాన్ని చెల్లుబాటు చేసింది. 1595లో మూడో మెహ్మెద్ రాజైన రోజున అతని 19 మంది తమ్ముళ్లకు ఉరితాడే దక్కింది. ఇలాంటి ఇంట్లో కొడుకును కన్న ప్రతి స్త్రీకీ రెండే దారులు. కొడుకు రాజైతే తాను రాజమాత. కాకపోతే కొడుకు శవం. అందుకే పాత ఆచారం ఒక దాసికి ఒక్క కొడుకునే ఇచ్చేది. కొడుకు పుట్టాక ఆమె సుల్తాన్ పడకగదికి దూరమై, పిల్లవాడు పెద్దయ్యాక అతనితోపాటు అతను ఏలే సీమకు వెళ్లిపోయేది. సులేమాన్ దీన్ని తుంచేశాడు. హుర్రెం వల్ల ఒకరి తర్వాత ఒకరుగా కొడుకులను కన్నాడు, ఆమెను నిఖా చేసుకున్నాడు, రాజధానిలోనే ఉంచుకున్నాడు. మహిదెవ్రాన్ కొడుకు ముస్తఫాను సైన్యం నెత్తిన పెట్టుకుంది. 1553 అక్టోబరులో, ఇరాన్ మీదికి దండు కదిలినప్పుడు, ఎరెగ్లి దగ్గర తండ్రి గుడారంలోకి వెళ్లిన ముస్తఫా ప్రాణాలతో బయటికి రాలేదు. హుర్రెం, ఆమె అల్లుడు రుస్తెం పాషా కలిసి చేయించారన్న మాట అప్పుడే పుట్టింది. హుర్రెం 1558లో చనిపోయింది. ఆ మరుసటి ఏడే ఆమె కడుపున పుట్టిన సెలీం, బాయెజీద్ కొన్యా దగ్గర సైన్యాలతో తలపడ్డారు. ఓడిన బాయెజీద్ ఇరాన్ పారిపోయాడు, 1561లో అక్కడే కొడుకులతో సహా హతమయ్యాడు. నెత్తురుకు మూలం ఒక స్త్రీ పన్నాగమే అయితే, ఆమె పోయాక, సవతి కొడుకు కూడా లేకుండా పోయాక, ఈ యుద్ధం దేనికి జరిగినట్టు?

మరి మంత్రాంగం నడిపే ఆడమనిషి ముఖం ఎక్కణ్ణుంచి వచ్చింది? అంతఃపురంలోకి పరాయి మగవాడు పోలేడు. లోపలి మాట బయటికి రావాలంటే నౌకరు నోటినో, బజారు గుసగుసనో పట్టుకోవాలి. వెనిస్ రాయబారులు తమ ప్రభుత్వానికి పంపిన నివేదికలు అలా తయారైనవే. నికొలా ద మొఫాన్ అనే మాజీ ఖైదీ 1555లోనే ముస్తఫా చావు మీద లాటిన్‌లో చిన్న పుస్తకం అచ్చువేశాడు. హాబ్స్‌బర్గ్ రాయబారి బుస్బెక్ ఇస్తాంబుల్ చేరింది కూడా 1555లోనే, అంటే హత్య జరిగి ఏడాది దాటాక. అయినా అతని లేఖల్లో ఆ గుడారంలోని దృశ్యం పక్కన నిలబడి చూసినట్టు ఉంటుంది. 1561లో గాబ్రియెల్ బొనాఁ రాసిన ఫ్రెంచి విషాద నాటకం 'లా సుల్తాన్' అచ్చయింది. హుర్రెం అప్పటికి పోయి మూడేళ్లే. 1609లో ఇంగ్లండులో ఫుల్క్ గ్రెవిల్ 'ముస్తఫా' నాటకం వచ్చింది. రంగస్థలానికి ప్రతినాయిక కావాలి, వారసత్వ పద్ధతిని వేషం కట్టించి నిలబెట్టలేరు కదా. అలా నాలుగు వందల ఏళ్లపాటు పడమటి వేదికల మీద తిరిగిన ముఖాన్ని, మెరాల్ ఒకాయ్ మొదలుపెట్టిన రచనా బృందం తిరిగి తుర్కియే ఇళ్లలోకి తెచ్చింది. ఆవిడ 2012లో కన్నుమూసినా అప్పటికే ఆ పాత్ర నిలదొక్కుకుంది. హుర్రెంకు ఆవిడ జాలి, తెలివి, భయం కూడా ఇచ్చింది, కాదనను. కానీ అచ్చు మాత్రం పాతదే.

ఇప్పుడు కోయిలకొండ. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలదీ తుర్కమాన్ రక్తమే. వంశకర్త సుల్తాన్ కులీ హమదాన్ ప్రాంతం నుంచి దక్కనుకు వచ్చిన కారా కోయున్లు తెగవాడు. సులేమాన్ ఇస్తాంబుల్‌ను ఏలుతున్న కాలంలోనే, ముస్తఫా హత్యకు పదేళ్ల ముందు, 1543లో ముసలి సుల్తాన్ కులీ హత్యకు గురయ్యాడు. వెనక ఉన్నది కొడుకు జంషీద్. గద్దెకు వరసలో ఉన్న అన్న కుతుబుద్దీన్ కళ్లు పీకించి జంషీద్ రాజయ్యాడు. తమ్ముడు ఇబ్రహీం అప్పుడు దేవరకొండలో ఉన్నాడు. ప్రాణం దక్కించుకోవడానికి బీదరుకు, అక్కణ్ణుంచి విజయనగరానికి పారిపోయి అళియ రామరాయల నీడలో ఏడేళ్లు గడిపాడు. 1550 మొదట్లో జంషీద్ జబ్బుచేసి పోయాడు. అతని పసికొడుకు సుభాన్‌ను గద్దె మీద కూర్చోబెట్టి, సైఫ్‌ఖాన్ ఐనుల్‌ముల్క్ చక్రం తిప్పసాగాడు. కోటల కాపలా చేతిలో ఉన్న తెలుగు దళాలు నాయక్వాడీలు. వాళ్ల నాయకుడు జగదేవరావు ఇంకో రాచబిడ్డను, భువనగిరి కోటలో బందీగా ఉన్న దౌలత్‌ను, రాజును చేయబోయి తానే ఖైదయ్యాడు. విసిగిన సర్దారులు విజయనగరానికి కబురు పంపితే ఇబ్రహీం బయల్దేరి వచ్చాడు, దారిలో కోయిలకొండలో ఆగాడు. నాయక్వాడీలు అతని వైపు తిరిగారు. గోల్కొండ లోపలున్న నాయక్వాడీలు జగదేవరావును విడిపించి కోట తలుపులు తెరిచారు. 1550 జులైలో ఇబ్రహీం సుల్తాన్ అయ్యాడు. కోయిలకొండలో ఆ ఏటి తెలుగు శాసనం ఉంది. ఇబ్రహీంకు కట్టుబడి ఉంటామని నాయక్వాడీలు చేసిన ప్రమాణం అందులో రాయికెక్కింది.

ఈ ఏడేళ్లలో ఏం తక్కువైంది? తండ్రి హత్య, అన్న కళ్లు, పసివాడి పేరున పెత్తనం, జైలునుంచి విడుదల, పరదేశ వాసం, తిరిగిరాక. సీరియల్ తీస్తే నాలుగు సీజన్లు నిండుతాయి. తక్కువైంది ఒక్కటే, పన్నాగం పన్నే ఆడమనిషి. దేవరకొండ, భువనగిరి, కోయిలకొండ అన్న మూడు కోటల మధ్య, ఇప్పటి నల్లగొండ, పాలమూరు సీమల్లో, పరదా వెనక నుంచి ఒక్క సైగ లేకుండానే రాజ్యం చేతులు మారింది. మారింది ఎలాగో కోయిలకొండ రాయి చెబుతుంది. కోట తలుపు తాళం ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఎవరికి మాట ఇచ్చారన్నదే లెక్క. ఇస్తాంబుల్‌లోనూ ముస్తఫా బలం, ముస్తఫా ముప్పు రెండూ సైన్యంలోనే ఉన్నాయి. పన్నాగాల ఆడమనిషి పాత్ర గోల్కొండలో పుట్టకపోవడానికి ఇంకో కారణం కథ చెప్పినవాళ్లు. గోల్కొండ కథ మనకు ఎక్కువగా చరిత్రకారుడు ఫెరిష్తా ద్వారా, ఇబ్రహీం మనవడు ముహమ్మద్ కుతుబ్‌షా కాలంలో తయారైన రాజవంశ చరిత్ర ద్వారా వచ్చింది. ఇబ్రహీం సంతతి కొలువులో రాసినవాళ్లకు నల్లరంగు పులమడానికి జంషీద్ సిద్ధంగా ఉన్నాడు. దోషం ఎవరి మీద పెట్టాలో నెత్తురు చెప్పదు, గెలిచినవాడి కొలువు చెబుతుంది. అందుకని జంషీద్ మచ్చ లేనివాడని నేననడం లేదు.

తెలుగువాళ్లకు ఈ అచ్చు తెలియనిదేమీ కాదు. పల్నాటి కథ మూలంలో ఉన్నది సవతి సోదరులు నలగామరాజు, మలిదేవరాజుల మధ్య రాజ్యం పంపకం. కథ జనం నోట నానిన కొద్దీ, శ్రీనాథుడి పేరున్న కావ్యం నుంచి వీరగాథల దాకా, తప్పంతా మంత్రిణి నాగమ్మ కొంగుకు కట్టారు. సినిమా అదే పట్టుకుంది. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి ఆ పాత్రను ఏ పురుష పాత్రకూ తీసిపోకుండా నిలబెట్టారు. పంపకాల పట్టిక ఎవరికి గుర్తుంది? నాగమ్మ మాత్రం గుర్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం గట్టిది. ఆడవాళ్ల తప్పేం లేదని చెప్పబోయి, వాళ్ల చేతిలో ఏమీ లేదని చెబుతున్నారా అని అడగొచ్చు. చేతిలో చాలా ఉంది. హుర్రెం పోలండ్ రాజు సిగిస్మండ్ అగస్టస్‌కు స్వయంగా ఉత్తరాలు పంపింది. ఇస్తాంబుల్‌లో మసీదు, బడి, వైద్యశాల కట్టించింది, జెరూసలేంలో పేదల అన్నసత్రం పెట్టింది. లెస్లీ పియర్స్ 1993లో వెలువరించిన పరిశోధన ఒట్టోమన్ అంతఃపురం పాలనలో ఒక భాగమని, ఆడవాళ్ల కులాసా గది కాదని స్థిరపరచింది. గోల్కొండలో హయాత్ బక్షీ బేగం ఒక సుల్తాన్ కూతురు, ఒక సుల్తాన్ భార్య, ఒక సుల్తాన్ తల్లి. కొడుకు అబ్దుల్లా పిల్లవాడిగా గద్దెనెక్కినప్పుడు వెన్నుగా నిలిచింది. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడిస్తే తానే శిబిరానికి వెళ్లి బేరం కుదిర్చి వచ్చింది. హైదరాబాదు నుంచి నల్లగొండ దిక్కుకు పోయే దారిలోని హయత్‌నగర్ ఆమె పేరే. కాబట్టి నా మాట ఇది. ఈ స్త్రీలు చేసింది రాజకీయం. అదే పని వజీరు చేస్తే రాజనీతి అని, బేగం చేస్తే కుట్ర అని రెండు ఖాతాల్లో రాసినవాళ్ల పద్దును సీరియల్ సరిదిద్దకుండా కొనసాగించింది.

సీరియలే కదా, దాన్ని చరిత్ర అనుకునేదెవరు అన్నది రెండో అభ్యంతరం. తుర్కియే ప్రధానిగా ఉన్న ఎర్దోగాన్ 2012 నవంబరులో ఈ సీరియల్ మీద బహిరంగంగా విరుచుకుపడ్డాడు. తమ సులేమాన్ జీవితం గుర్రం మీద గడిచిందే తప్ప అంతఃపురంలో కాదన్నది ఆయన వాదం. మొదటి భాగాలకే ప్రసార నియంత్రణ సంస్థకు వేల కొద్దీ ఫిర్యాదులు అందాయి. 2014లో ముస్తఫా హత్య ప్రసారమయ్యాక బుర్సాలో అతని సమాధికి జనం వరసకట్టారు, నాలుగున్నర శతాబ్దాల నాటి చావుకు కన్నీళ్లు పెట్టారు. వట్టి కల్పన అనుకున్నవాళ్లు సమాధి దాకా పోరు. తమాషా ఏమిటంటే, ఎర్దోగాన్ సులేమాన్ కూడా కల్పితుడే. యుద్ధభూమి రాజు, పడకగది రాజు, ఇద్దరూ బొమ్మలే. కొడుకుల్లో ఎవరికి ఏ సీమ ఇవ్వాలి, ఏ సైన్యానికి జీతం పెంచాలి అని లెక్కలు చూసుకునే రాజు ఇద్దరి చిత్రంలోనూ లేడు.

జీతం మాట వచ్చింది కనుక, తెర మీద ఎప్పుడూ కనిపించనిది శిస్తు. కుట్రకు కూడా ఖర్చుంది, ఆ ఖర్చు పల్లెలు భరించాయి. అసఫ్‌జాహీ నిజాంల కాలంలో, కోయిలకొండకు ఉత్తరాన ఉన్న కోస్గి సాలార్‌జంగ్ కుటుంబపు జాగీరు. అక్కడి మెట్ట పొలాల రాబడి హైదరాబాదులో వాళ్ల భవనం దివాన్ దేవిడీకి పోయేది. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 దాకా ముప్పై ఏళ్లు దివాన్‌గిరీ చేసి, నిజాం దర్బారుకు, బ్రిటిష్ రెసిడెంటుకు మధ్య నెగ్గుకొచ్చాడు. దర్బారు రాజకీయంలో అలా నిలవాలంటే దేవిడీకి సొంత ఆదాయం ఉండాలి. కోస్గి రైతు తెలియకుండానే ఆ చదరంగానికి పెట్టుబడిదారు.

ఇస్తాంబుల్, హైదరాబాదు కథల దారులు 1931లో నిజంగానే కలిశాయి. 1924లో ఖిలాఫత్ రద్దయి వెళ్లగొట్టబడిన చివరి ఖలీఫా అబ్దుల్‌మజీద్‌కు ఏడో నిజాం నెలనెలా భరణం పంపేవాడు. 1931 నవంబరులో ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్‌ను నిజాం పెద్దకొడుకు ఆజంజాకు, ఒట్టోమన్ వంశానికే చెందిన నిలూఫర్‌ను చిన్నకొడుకు ముఅజ్జంజాకు ఇచ్చి పెళ్లి చేశారు. సీరియల్ కట్టిన కథ ప్రకారం వీళ్లు హైదరాబాదులో మంట పెట్టాలి. నగరానికి మిగిలింది వాళ్ల పేర్ల మీద రెండు ఆసుపత్రులు. వారసత్వంలో మాత్రం పాత లెక్క పనిచేసింది. నిజాం పెద్దకొడుకును పక్కనపెట్టి దుర్రుషెహ్వార్ కొడుకు ముకర్రంజాను ఎంచుకున్నాడు, 1967లో అతనే వారసుడయ్యాడు. అప్పటికి గద్దె లేదు, సైన్యం లేదు, కాబట్టి కళ్లు పీకే అవసరమూ రాలేదు. వకీళ్లు సరిపోయారు. కోస్గి జాగీరు సంగతీ అంతే. మూడో సాలార్‌జంగ్ పెళ్లి చేసుకోకుండానే 1949 మార్చిలో చనిపోయాడు, ఆ ఆగస్టులోనే జాగీర్లు రద్దయ్యాయి. వారసులమంటూ చాలామంది ముందుకొచ్చారు. ఆయన పోగుచేసిన కళాఖండాలు 1951లో మ్యూజియంగా జనం ముందుకు వచ్చాయి. 1961లో పార్లమెంటు చట్టంతో అవి దేశం సొత్తయ్యాయి.