ఇంటిపేరు ఒకటే, వ్రాత వేరు

యానాం కుటుంబాల చరిత్ర వెదికేవారికి తొలి చిక్కు ఇంటిపేరు వద్దనే ఎదురగును. 1954 వరకు యానాంను ఫ్రెంచివారు పాలించారు. చుట్టూ ఉన్న గోదావరి ప్రాంతం 1947 వరకు ఆంగ్లేయుల ఏలుబడిలో ఉండెను. అందుచేత ఒకే వంశం పేరు రెండు వర్ణక్రమాలలో నమోదయింది.

ఫ్రెంచిలో 'ఉ' ధ్వనికి ఓ, యు అను రెండక్షరాలు కావలెను. రెండు అచ్చుల నడుమ ఒంటి ఎస్ 'జ' వలె పలుకును గనుక 'స'కు రెండు ఎస్‌లు వ్రాయుదురు. మూడక్షరాల 'బులుసు' ఇంగ్లీషులో ఆరక్షరాలు, ఫ్రెంచిలో పది! ఫ్రెంచిలో సి, హెచ్ కలిస్తే 'ష' అగును. 'చ' కావాలంటే ముందు టి చేర్చవలెను. కనుక 'చింతా' వారిని పాత జాబితాలో సి క్రింద వెదికితే దొరకరు, టి క్రింద చూడవలెను.

తమిళ లిపిలో చిక్కు మరొక విధం. క, గ లకు అక్షరం ఒకటే. 'గుడిపాటి' అని వ్రాసినా 'కుడిపాటి' అని చదవవచ్చును.

ఈ వ్రాతలన్నిటినీ కలిపే తాళంచెవి తెలుగు వ్రాతయే. తల్లిదండ్రులారా, పెద్దలనడిగి మీ ఇంటిపేరు, తాతముత్తాతల ఊరు పిల్లలచేత తెలుగులో వ్రాయించండి. ఉపాధ్యాయ మిత్రులారా, హాజరుపట్టీలో పొడి అక్షరంగా మిగిలిన ఇంటిపేరును తరగతిలో ఒక్కసారైనా పూర్తిగా పలికించండి. ఆ అక్షరాలు రాని తరానికి తమ వంశమే పరాయిదిగా తోచును.