విమరింగ్ అడ్మిరల్ ఇంటి కాగితాలు

పోర్ట్స్‌మత్‌కు ఉత్తరాన, పోర్ట్స్‌డౌన్ కొండ దిగువన మా విమరింగ్. ఇక్కడి సెయింట్ పీటర్ అండ్ సెయింట్ పాల్ చర్చి ఆవరణలో అడ్మిరల్ ఫ్రాన్సిస్ ఆస్టెన్ సమాధి ఉంది. నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్‌కు స్వయానా అన్న. పన్నెండేళ్లు నిండకుండానే 1786లో పోర్ట్స్‌మత్ నౌకాదళ అకాడమీలో చేరి, 1863 నాటికి నౌకాదళంలో అత్యున్నత హోదా అందుకున్నారు. 1865లో, 91 ఏళ్ల వయసులో, దగ్గరలోని పోర్ట్స్‌డౌన్ లాడ్జ్‌లో కన్నుమూశారు.

ఆ కుటుంబంలో సముద్రంతో పాటు భూములూ ఉన్నాయి. ఫ్రాన్సిస్ అన్న ఎడ్వర్డ్‌ను బంధువులైన నైట్ దంపతులు దత్తత తీసుకున్నారు. కెంట్‌లో గాడ్‌మర్‌షమ్, మా హాంప్‌షైర్‌లో చాటన్ ఎస్టేట్లు ఆయనకు దక్కాయి. 1812లో ఇంటిపేరూ నైట్‌గా మారింది. ఆ ఇంటి దస్తావేజులు వించెస్టర్‌లోని హాంప్‌షైర్ రికార్డ్ ఆఫీసులో భద్రంగా ఉన్నాయి. ఆ రోజుల్లో కాగితం పోతే భూమి మీద హక్కుకు రుజువే పోయేది కనుక, ఏ వారసుడూ దాన్ని పారేసేవాడు కాదు. ఓడ లాగ్‌బుక్కూ అంతే, కెప్టెన్ పైవారికి లెక్క చెప్పాల్సిన పుస్తకం. ఫ్రాన్సిస్ లాగ్‌బుక్కులు, తమ్ముడు చార్లెస్ డైరీలు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉన్నాయి. 1852 బర్మా యుద్ధంలో, మన మద్రాసు సిపాయిలూ పోరాడిన యుద్ధంలోనే, ఐరావతి నది మీద కలరాతో చనిపోయిన అడ్మిరల్ ఈ చార్లెస్.

అధికారిక రాతల్లో మనసు కనిపించదనుకోకూడదు. 1808లో సెయింట్ హెలెనా ద్వీపం గురించి రాసుకుంటూ ఫ్రాన్సిస్, ఎంత సడలించినా బానిసత్వం బానిసత్వమేననీ, ఇంగ్లండు ఏలుబడిలో దాని జాడ ఉండటం విచారకరమనీ అన్నారు. ఓడ కెప్టెన్ నోటుపుస్తకంలో ఆ మాట ఉండటం నాకెంతో విలువైన విషయం.

నన్ను బాధపెట్టేది ఉత్తరాల సంగతి. 1813 జూలైలో ఆయన బాల్టిక్ సముద్రంలో ఎలిఫెంట్ అనే ఓడను నడుపుతుండగా, తన కొత్త నవలలో అన్నగారి ఓడల పేర్లు వాడుకోవచ్చా అని జేన్ రాసి అడిగింది. ఆ నవల మాన్స్‌ఫీల్డ్ పార్క్‌లో ఆయన ఓడలు ఎలిఫెంట్, కనోపస్ మా రేవులోనే కనిపిస్తాయి. చెల్లెలి ఉత్తరాలను ఆయన చివరిదాకా దాచుకున్నారు. ఆయన పోయాక కూతురు ఫానీ ఎవరినీ సంప్రదించకుండా ఆ కట్టలను నాశనం చేసిందని కుటుంబంవారి మాట. మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అంతకు ముందే జేన్ అక్క కసాండ్రా తన దగ్గరున్న ఉత్తరాల్లో చాలావాటిని కాల్చేసింది. ఇంటి గుట్టు కాపాడటం ఆడవాళ్ల బాధ్యతగా ఎంచిన కాలమది. వాళ్లను తప్పుపట్టలేను, నష్టాన్నీ మరచిపోలేను.

1852లో బోస్టన్ నుంచి క్విన్సీ అనే కుటుంబానికి చెందిన ఒక మహిళ జేన్ చేతిరాత కావాలని ఫ్రాన్సిస్‌కు రాసింది. 1800లో జేన్ తన స్నేహితురాలు మార్తా లాయిడ్‌కు రాసిన ఉత్తరాన్ని ఆయన పంపారు. ఆ మార్తాయే తర్వాత ఆయనకు రెండో భార్య అయింది. ఇల్లు దాటి వెళ్లిన ఆ ఉత్తరం ఇప్పుడు మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో క్షేమంగా ఉంది.

ఈ చుట్టుపక్కల పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు నా విన్నపం ఒక్కటే. అటక మీద కాగితాల పెట్టె కనిపిస్తే, పారేసే ముందు పోర్ట్స్‌మత్ హిస్టరీ సెంటర్‌లో చూపించండి.