తొమ్మిది మందికి ఒకటే పాస్‌వర్డ్: సర్వర్ తాళాల చరిత్ర



ముందు మా హాస్టల్‌లో జరిగిన గొడవ చెప్తాం. మేము తొమ్మిది మందిమి కలిసి కోయ మాటల పట్టిక, దాన్ని ఫోన్‌లో చూపించే చిన్న ప్రోగ్రాం తయారుచేస్తున్నాం. అదంతా ఒక పాత కంప్యూటర్‌లో, గిట్‌లో పెట్టుకున్నాం. గిట్ అంటే ఏ మార్పు ఎప్పుడు జరిగిందో దాచిపెట్టే లెక్కల పుస్తకం లాంటిది. సెలవుల్లో ఊరి నుంచి కూడా పని చేసుకోవాలని బయటి నుంచి లాగిన్ అయ్యేలా చేశాం. అందరికీ ఒకటే యూజర్, ఒకటే పాస్‌వర్డ్. ఒక రోజు చూస్తే రెండు వందల మాటలు లేవు, పాత లెక్క కూడా చెరిపేసి ఉంది. ఒక అక్క ల్యాప్‌టాప్‌లో పూర్తి కాపీ ఉండబట్టి మాటలు దొరికాయి. ఎవరు చెరిపారో మాత్రం దొరకలేదు. సర్వర్ లాగ్‌లో తొమ్మిది మందిదీ ఒకే పేరు మరి. అనుమానం అందరికంటే చిన్నవాడి మీదికి పోయింది. పది రోజులు వాడు మా దగ్గరికి రాలేదు.

ఈ బాధ మాకొక్కరికేనా అని వెతికితే పెద్ద చరిత్రే ఉంది.

గిట్ కంటే ముందు చాలామంది వాడింది సీవీఎస్. బయటి నుంచి దాన్ని అందుకోవడానికి పీసర్వర్ అనే పద్ధతి ఉండేది. అందులో పాస్‌వర్డ్‌ని కొంచెం అటూ ఇటూ మార్చి పంపేవారు, అంతే. మధ్యలో నెట్‌వర్క్ మీద చెవి పెట్టినవాడు తేలిగ్గా విప్పేసుకోవచ్చు. సంతలో కేకేసి రహస్యం చెప్పినట్టన్నమాట.

1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో ఇలాగే పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. అక్కడే ఉన్న టాటూ యులోనెన్ దానికి విరుగుడుగా ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. దారిలో పోయే ప్రతి మాటకీ గుప్తలిపి. పాస్‌వర్డ్ బదులు తాళంచెవుల జత కూడా వాడొచ్చు: రహస్య కీ మన దగ్గరే ఉంటుంది, దాని జోడీ పబ్లిక్ కీ సర్వర్‌లో ఉంటుంది. రహస్య కీ ఎప్పుడూ దారిలోకి రాదు. తర్వాత సీవీఎస్‌నీ ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా వాడటం మొదలైంది.

అయితే తలుపుకి తాళం వేస్తే సరిపోదని 2003 నవంబర్‌లో తేలింది. అప్పట్లో లైనక్స్ కెర్నల్ అసలు ప్రతి బిట్‌కీపర్‌లో ఉండేది, దాని నకలు సీవీఎస్ సర్వర్‌లో ఉండేది. ఆ నకలు ఉన్న మెషీన్‌లోకి ఎవరో చొరబడి రెండే రెండు లైన్లు కలిపారు. పైకి చూస్తే యూజర్ నంబర్ సున్నానా కాదా అని పరీక్షించినట్టే ఉంటుంది. కానీ రెండు ఈక్వల్ గుర్తులు ఉండాల్సిన చోట ఒకటే పెట్టారు. దాంతో అది పరీక్ష కాదు, సున్నా చేసేయడమే అయింది. సున్నా అంటే రూట్, మెషీన్ మొత్తం మీద అధికారం. మేము ఆ లైన్ మూడుసార్లు చదివాకే పట్టుకోగలిగాం, ఎక్కడో తప్పుందని ముందే తెలిసి కూడా! అసలు ప్రతితో నకలుని పోల్చి చూస్తే తేడా వచ్చింది కాబట్టి దొరికింది, లేకపోతే ఏమయ్యేదో.

2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాసినప్పుడు ప్రతి మార్పుకీ దాని లోపలి సరుకు నుంచే లెక్కగట్టిన 40 అక్షరాల గుర్తు పెట్టాడు. పాతదాంట్లో ఒక్క అక్షరం మారినా ఆ తర్వాతి గుర్తులన్నీ మారిపోతాయి. 2011 ఆగస్టులో కెర్నల్ డాట్ ఆర్గ్ సర్వర్లలోకే దొంగలు పడ్డారు. 448 మంది యూజర్ల పాస్‌వర్డ్‌లు, కీలు మార్చాల్సి వచ్చింది. కోడ్ విషయంలో మాత్రం వాళ్లు ధైర్యంగానే ఉన్నారు. వేల మంది దగ్గర కాపీలు ఉన్నాయి, గుర్తు మారితే వెంటనే తెలుస్తుంది.

ఆ దెబ్బ తర్వాత కెర్నల్ డాట్ ఆర్గ్ గిటోలైట్‌కి మారింది. దాన్ని రాసింది సీతారాం చామర్తి అనే భారతీయుడు. ఇది చదివినప్పుడు మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఎందుకంటే గిటోలైట్‌లో కూడా సర్వర్ మీద యూజర్ ఒక్కడే, మా లాగే! కానీ ఎవరి కీ వాళ్లకి ఉంటుంది. ఆ కీని బట్టి వచ్చింది ఎవరో సర్వర్ గుర్తుపడుతుంది, ఏ బ్రాంచ్‌లో ఎవరు రాయొచ్చో, పాత లెక్క ఎవరు చెరపొచ్చో చూస్తుంది, లాగ్‌లో రాస్తుంది. లోపల తిరగడానికి షెల్ కూడా ఇవ్వదు. గిట్‌హబ్ కూడా 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకి అకౌంట్ పాస్‌వర్డ్ ఒప్పుకోవడం మానేసింది.

మా సర్వర్‌లో ఇప్పుడు పాస్‌వర్డ్ లాగిన్ ఆపేశాం, గిటోలైట్ పెట్టాం. పాత లెక్క చెరిపే హక్కు ఎవరికీ ఇవ్వలేదు, పెట్టినవాళ్లమైన మాకు కూడా. కీల ఫోల్డర్‌లో మొదట ఎక్కించింది ఆ చిన్న తమ్ముడి కీ. వాడి గదికి వెళ్లి, తప్పు మాదేనని చెప్పి, కీ అడిగి తెచ్చుకున్నాం. ఇంకా ఇద్దరు ఇవ్వాలి, ఇది చదివితే ఆదివారం లోపల పంపండి. పంపేది పబ్లిక్ కీ, రెండోది కాదు!