కలకత్తా కార్పొరేషన్ – రాష్ట్ర ప్రభుత్వం

విద్యార్థులారా, నగరపాలక సంస్థకు అధికారాలు ఎక్కడి నుంచి వస్తాయి? రాష్ట్ర శాసనసభ చేసే చట్టం నుంచి. కలకత్తానే తీసుకోండి. 1899 నాటి మెకంజీ చట్టం ఎన్నికైన సభ్యుల సంఖ్యను తగ్గించింది. నిరసనగా 28 మంది కమిషనర్లు రాజీనామా చేశారు. వారిలో ఒకరైన సురేంద్రనాథ్ బెనర్జీయే మంత్రి అయ్యాక 1923లో కొత్త చట్టం తెచ్చారు. (ఆ రాజీనామా వృథా పోలేదన్నమాట!) 1924లో చిత్తరంజన్ దాస్ తొలి మేయరయ్యారు. ముఖ్య కార్యనిర్వహణాధికారిగా వచ్చిన సుభాష్ చంద్రబోస్‌ను ఆ అక్టోబరులోనే ప్రభుత్వం అరెస్టు చేసింది.

స్వాతంత్ర్యం వచ్చాక పరిస్థితి మారిందనుకుంటున్నారా? 1948లో, మళ్ళీ 1972లో రాష్ట్ర ప్రభుత్వం పాలకమండలిని తొలగించింది. రెండోసారి తొలగించాక 1985 దాకా ఎన్నికలే లేవు. పదమూడేళ్ళు! 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం రద్దయిన ఆరు నెలల్లో ఎన్నికలు జరపాలి. అయినా 2020 మేలో గడువు ముగిస్తే, కోవిడ్ కారణంగా 2021 డిసెంబరులో గాని ఎన్నికలు జరగలేదు. అంతవరకు 144 వార్డుల పాలన చూసింది రాష్ట్రం నియమించిన మండలే.