ట్రాన్స్‌ఫర్ ఫీజులు, అభిమానుల స్పందన

వృత్తి ఫుట్‌బాల్‌లో ఒప్పందం గడువు ఇంకా మిగిలి ఉన్న ఆటగాణ్ని మరో క్లబ్బు తీసుకోవాలంటే పాత క్లబ్బుకు కొంత సొమ్ము చెల్లించాలి. దీన్నే ట్రాన్స్‌ఫర్ ఫీజు అంటారు. 1905లో వెయ్యి పౌండ్లున్న ఈ ఫీజు రికార్డు 2017 నాటికి 22.2 కోట్ల యూరోలకు చేరింది. ఫీజుతో పాటే అభిమానుల సంబరాలు, నిరసనలు, వెటకారాలు కూడా ఆట చరిత్రకెక్కాయి. తెలుగు నేల మీద ఈ తరహా స్పందనలు ఫుట్‌బాల్‌లో కంటే ఐపీఎల్, ప్రో కబడ్డీ వేలాల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి. హైదరాబాద్ ఫుట్‌బాల్ మాత్రం దశాబ్దాల పాటు ఆటగాళ్లను ఇచ్చుకుంటూ వచ్చిందే తప్ప పెద్దగా ఫీజు చూసింది లేదు. ఎక్కడైనా అభిమాని స్పందనను తేల్చేది అంకె ఒక్కటే కాదు. ఆ డబ్బు ఎవరికి చేరింది, తన జట్టుకు ఏం మిగిలింది అన్న లెక్కే అసలు లెక్క.

ఫీజు, వేలం ధర

ఈ రెండింటినీ ఒకటిగా చూడటం మామూలైపోయింది కానీ వీటి మధ్య తేడా పెద్దది. నిజామాబాద్ మార్కెట్ యార్డులో ఆర్మూర్ రైతు పోసిన పసుపు రాశికి పలికిన ధర, ఖర్చులు పోగా రైతుకే చేరుతుంది. ట్రాన్స్‌ఫర్ ఫీజులో ఆ రైతు స్థానం పాత క్లబ్బుది. ఆటగాడి జీతం వేరే ఒప్పందం. ఐపీఎల్ వేలంలో పలికే ధర మాత్రం సాధారణంగా ఆటగాడి సీజన్ జీతమే. అంటే, పసుపు కొమ్మే తన ధర తాను జేబులో వేసుకున్నట్టు. అందుకే మనవాడికి వేలంలో కోట్లు పలికితే ఊరంతా సంబరపడుతుంది. ఫుట్‌బాల్‌లో తమ ఆటగాడు రికార్డు ధరకు అమ్ముడైతే అలాంటి అభిమానులే వీధిలోకి వచ్చి గొడవ చేస్తారు.

తొలి రికార్డులు

1905 ఫిబ్రవరిలో ఆల్ఫ్ కామన్ అనే ఆటగాడు సండర్‌లాండ్ నుంచి మిడిల్స్‌బ్రోకు వెయ్యి పౌండ్లకు మారాడు. మనిషికి ఇంత ధరా అని అప్పటి ఇంగ్లండ్‌లో పెద్ద దుమారం రేగింది. డబ్బుతో డివిజన్‌లో చోటు కొనుక్కుంటున్నారన్న విమర్శ వచ్చింది. మిడిల్స్‌బ్రో మాత్రం ఆ సీజన్‌లో కింది డివిజన్‌కు పడిపోకుండా గట్టెక్కింది. 1908లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఫీజుకు 350 పౌండ్ల పరిమితి పెట్టింది. క్లబ్బులు దాన్ని దాటవేసే దారులు వెతుక్కోవడంతో కొద్ది నెలల్లోనే ఎత్తేసింది.

1952లో ఇటలీ క్లబ్బు నాపోలి, స్వీడన్ ఆటగాడు హాన్స్ యెప్సన్‌ను 10.5 కోట్ల లీరాలకు కొన్నది. నేపుల్స్ జనం ఆయనకు అక్కడి పెద్ద బ్యాంకు పేరైన ‘బాంకో ది నాపోలి’నే ముద్దుపేరుగా తగిలించారు. ఒక మ్యాచ్‌లో ఆయన కింద పడితే బ్యాంకు కూలిందని గ్యాలరీలో అరిచారని చెబుతారు. 1975లో అదే క్లబ్బు జుజెప్పె సవోల్దిని రెండు వందల కోట్ల లీరాలకు తెచ్చుకుంది. ఆయన పేరుకూ ఆ అంకె తోకలా అతుక్కుపోయింది.

ఆహ్వానాలు

కొన్న క్లబ్బు అభిమానికి పెద్ద ఫీజు మొదట పండగే. 1984 జులై 5న డీగో మారడోనా బార్సిలోనా నుంచి నాపోలికి వచ్చినప్పుడు సాన్ పావ్‌లో స్టేడియంలో 70 వేలకు పైగా జనం పోగయ్యారు. ఆ రోజు మ్యాచ్ లేదు. వాళ్లొచ్చింది ఆయన బంతిని నాలుగుసార్లు ఎగరేస్తే చూడటానికే. 1980 నాటి భూకంపం నుంచి నేపుల్స్ అప్పటికింకా పూర్తిగా తేరుకోలేదు. పేద నగరానికి అంత ఖరీదైన ఆటగాడెందుకన్న ప్రశ్న 1987లో నాపోలి తొలిసారి ఇటలీ లీగ్ గెలిచాక మరి వినిపించలేదు. 1996లో అలన్ షియరర్ ఒకటిన్నర కోటి పౌండ్లకు సొంతూరి క్లబ్బు న్యూకాజిల్‌కు వచ్చిన రోజున సెయింట్ జేమ్స్ పార్క్ బయట వేలమంది గుమికూడారు. 2009లో క్రిస్టియానో రొనాల్డోను చూడటానికి మాడ్రిడ్‌లో దాదాపు 80 వేల మంది వచ్చారు.

ఆగ్రహాలు

అమ్మిన క్లబ్బు అభిమానుల కథ వేరు. 1990లో ఫియోరెంటినా తన ముద్దుల ఆటగాడు రాబెర్టో బాజియోను బద్ధ ప్రత్యర్థి యువెంటస్‌కు అమ్మింది. రికార్డు ఫీజు వచ్చినా ఫ్లోరెన్స్ నగరం భగ్గుమంది. పోలీసులతో జరిగిన ఘర్షణల్లో యాభై మంది వరకు గాయపడ్డారు. మరుసటి ఏడాది యువెంటస్ చొక్కాతో ఫ్లోరెన్స్‌కు వచ్చిన బాజియో పెనాల్టీ తన్నడానికి ఒప్పుకోలేదు. మైదానం వీడుతున్నప్పుడు ఎవరో విసిరిన ఫియోరెంటినా కండువాను వంగి చేతికి తీసుకున్నాడు. ఆ దృశ్యంతో యువెంటస్ అభిమానులు మండిపడ్డారు, ఫ్లోరెన్స్ కరిగిపోయింది.

1992లో జాన్‌లుయిజి లెంతిని తొరీనో నుంచి మిలాన్‌కు రికార్డు ధరకు వెళ్లినప్పుడు ట్యూరిన్ వీధుల్లో నిరసనలు జరిగాయి. శ్రమ గౌరవానికి ఇది అవమానమని వాటికన్ పత్రిక సైతం తప్పుపట్టింది. 2000లో లూయిస్ ఫీగో బార్సిలోనాను వదిలి ప్రత్యర్థి క్లబ్బు రియల్ మాడ్రిడ్‌లో చేరాడు. రెండేళ్ల తరువాత, 2002 నవంబర్‌లో, బార్సిలోనాలో ఆయన కార్నర్ కిక్ కొట్టబోతుంటే సీసాలు, లైటర్లతో పాటు పంది తల కూడా వచ్చిపడింది. మ్యాచ్‌ను కాసేపు ఆపాల్సి వచ్చింది.

2017 ఆగస్టులో నెయ్‌మార్ 22.2 కోట్ల యూరోలకు బార్సిలోనా నుంచి పారిస్ సెయింట్ జెర్మేన్‌కు మారాడు. ఈ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పారిస్‌లో ఆయన పేరున్న జెర్సీల కోసం జనం దుకాణం ముందు బారులు తీరారు. 2025లో అలెగ్జాండర్ ఇసాక్ తనను పంపమంటూ న్యూకాజిల్ తరఫున ఆడటం మానేసి, చివరికి 12.5 కోట్ల పౌండ్లకు లివర్‌పూల్ చేరాడు. బ్రిటన్‌లో అది రికార్డు. అంత సొమ్ము తమ క్లబ్బు ఖాతాలోనే పడినా న్యూకాజిల్ అభిమానుల కోపం చల్లారలేదు.

నిరసన ఫలించిన సందర్భాలు అరుదు. 2009 జనవరిలో మిలాన్ ఆటగాడు కకా కోసం మాంచెస్టర్ సిటీ తొమ్మిది కోట్లకు పైగా పౌండ్లు ఇస్తామన్నప్పుడు అభిమానులు క్లబ్బు కార్యాలయం ముందు, ఆయన ఇంటి ముందు బైఠాయించారు. ఆయన కిటికీలోంచి మిలాన్ చొక్కా ఊపి తాను పోవడం లేదని చెప్పాడు. కానీ అదే ఏడాది వేసవిలో రియల్ మాడ్రిడ్‌కు వెళ్లిపోయాడు.

హైదరాబాద్: ఫీజు లేని వలస

కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం చేతుల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆటగాళ్లను జట్టుకు కట్టి ఉంచింది పోలీసు ఉద్యోగమే. నేటి అర్థంలో ఒప్పందాలూ లేవు, ఫీజులూ లేవు. కలకత్తా క్లబ్బులు డబ్బు, వసతి, పేరు చూపించి పిలిస్తే ఆటగాడు రైలెక్కేవాడు. ఇక్కడి జట్టుకు దక్కేది ఏమీ లేదు.

సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1966లో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే దారి పట్టారు. తరువాత హబీబ్ తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వెళ్లారు. ఉద్యోగం కాదని ఆటనే బతుకుదెరువు చేసుకున్న హబీబ్‌ను దేశంలో తొలి వృత్తి ఫుట్‌బాలర్లలో ఒకడిగా చెబుతారు. ఆయన ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. 1977లో పీలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకున్నప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. కలకత్తా జనం ఆయన్ను ‘బడే మియా’ అని పిలుచుకున్నారు.

కలకత్తాలో అప్పట్లో బదిలీల కాలం అభిమానులకు లీగంత ఉత్కంఠ. సంతకం పెట్టే రోజు దాకా ఆటగాణ్ని ప్రత్యర్థి క్లబ్బు కంటపడకుండా దాచిపెట్టడం అక్కడ మామూలుగా ఉండేది. హైదరాబాద్‌లో అలాంటి గొడవ జరగలేదు. 1963లో రహీం మరణం, మంచి ఆటగాళ్ల వలస కలిసి నగర ఫుట్‌బాల్‌ను నెమ్మదిగా దెబ్బతీశాయి.

హైదరాబాద్ ఎఫ్‌సీ

2019లో మూతపడిన పుణె సిటీ క్లబ్బు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. గచ్చిబౌలి స్టేడియం సొంత మైదానంగా ఉండేది. మొదటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టును స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ కుర్రాళ్లతో నిలబెట్టాడు. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను షూటౌట్‌లో 3-1తో ఓడించి కప్పు గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు.

2021లో లిస్టన్ కొలాసోను ఏటీకే మోహన్ బగాన్ తీసుకున్నప్పుడు ఫీజు దాదాపు కోటి రూపాయలని పత్రికలు రాశాయి. భారతీయ ఆటగాడికి అది అప్పటి రికార్డు. యూరప్ లెక్కలో ఆ మొత్తం లెక్కలోకే రాదు. అయినా ఆటగాణ్ని తయారుచేసి అమ్మితే క్లబ్బు బతకగలదన్న ఆశ కలిగించింది. తరువాత ఆశిష్ రాయ్, ఆకాశ్ మిశ్రా కూడా పెద్ద క్లబ్బులకు మారారు.

ఆ ఆశ 2023-24లో కూలింది. బకాయిల కారణంగా క్లబ్బు మీద ఫిఫా బదిలీల నిషేధం పడింది. జీతాలందక విదేశీ ఆటగాళ్లు, సీనియర్లు ఒప్పందాలు తెంచుకుని వెళ్లిపోయారు. ఒప్పందమే తెగిపోయాక ఫీజు అడిగే హక్కు ఉండదు. థంగ్‌బోయ్ సింగ్టో కోచ్‌గా, మిగిలిన కుర్రాళ్లతో నెట్టుకొచ్చిన జట్టు సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచ్ గెలిచి ఆఖరి స్థానంలో నిలిచింది. ‘డెక్కన్ లీజియన్’ వంటి అభిమాన బృందాలకు ఇక్కడ అలిగేందుకు రికార్డు ఫీజు లేదు. రెండేళ్ల కిందటి విజేత జట్టు పైసా రాబడి లేకుండా చెదిరిపోవడమే వాళ్ల బాధ. యాజమాన్యం మారినా కథ మారలేదు. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

వేలాల్లో తెలుగు అభిమానులు

2017 వేలంలో 20 లక్షల కనీస ధర ఉన్న మహమ్మద్ సిరాజ్‌ను సన్‌రైజర్స్ హైదరాబాద్ 2.6 కోట్లకు తీసుకుంది. ఆటో డ్రైవర్ కొడుకుకు అంత ధర పలకడం నగరమంతా సంబరంగా చెప్పుకుంది. 2021 వేలం తరువాత మాత్రం జట్టులో స్థానికులు లేరని ఖైరతాబాద్ శాసనసభ్యుడు దానం నాగేందర్ బహిరంగంగా నిలదీశారు, మ్యాచ్‌లు అడ్డుకుంటామని హెచ్చరించారు. కోట్లు కురిపించే జట్టులో మనవాళ్లకు చోటేదన్నదే అక్కడి ప్రశ్న.

2023 డిసెంబర్‌లో సన్‌రైజర్స్ ప్యాట్ కమిన్స్‌ను 20.5 కోట్లకు కొన్నది. ఆ రికార్డు కొన్ని గంటలే నిలిచింది. కోల్‌కతా 24.75 కోట్లతో మిచెల్ స్టార్క్‌ను దక్కించుకుంది. ధర మరీ ఎక్కువన్న విమర్శలు, కమిన్స్ నాయకత్వంలో జట్టు 2024 ఫైనల్ చేరాక సద్దుమణిగాయి. ఫైనల్లో సన్‌రైజర్స్‌ను దెబ్బతీసింది స్టార్కే. అదే ఏడాది చివర్లో సిరాజ్ 12.25 కోట్లకు గుజరాత్ జట్టులో చేరాడు. 2025 ఏప్రిల్ 6న ఉప్పల్‌లో సన్‌రైజర్స్ మీద 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు.

కబడ్డీలో తెలుగు టైటాన్స్ 2023లో పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్ల రికార్డు ధరకు తెచ్చుకుని, ఆ సీజన్‌లోనే అట్టడుగున నిలిచింది. కబడ్డీ తెలిసిన పల్లెల్లో దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు. ఏడుగురాడే ఆటను ఒక్కడి ధరతో గెలవలేం.

నిజామాబాద్ జిల్లా సందర్భం

ధర గురించి గట్టిగా నిలదీయడంలో ఆర్మూర్ ప్రాంతానికి సొంత చరిత్ర ఉంది. 2019 ఫిబ్రవరిలో పసుపుకు క్వింటాకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 ఇవ్వాలంటూ రైతులు ఇక్కడి జాతీయ రహదారిని దిగ్బంధించారు. ఆ ఏడాది నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీపడగా వారిలో అత్యధికులు రైతులే.

ఫుట్‌బాల్‌లో ఈ జిల్లా పేరు నిలబెట్టింది గుగులోతు సౌమ్య. గోకులం కేరళ, క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్, ఈస్ట్ బెంగాల్ జట్లకు ఆడిన ఆమె, 2024-25లో ఈస్ట్ బెంగాల్ మహిళల లీగ్ గెలిచిన జట్టులో ఉంది. ఆ సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకుంది. మహిళల ఫుట్‌బాల్‌లో ఫీజులు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నాయి. ప్రపంచంలో తొలిసారి పది లక్షల డాలర్లు దాటిన బదిలీ 2025 జనవరిలో చెల్సీ కొన్న అమెరికా డిఫెండర్ నయోమీ గిర్మాది.

నియమాలు

1995 డిసెంబర్‌లో యూరప్ న్యాయస్థానం ఇచ్చిన బోస్మన్ తీర్పుతో, ఒప్పందం గడువు తీరిన ఆటగాడు ఫీజు లేకుండా మారే హక్కు పొందాడు. ఫిఫా నిబంధనల ప్రకారం అంతర్జాతీయ బదిలీ ఫీజులో 5 శాతం, 12 నుంచి 23 ఏళ్ల మధ్య ఆ ఆటగాణ్ని తీర్చిదిద్దిన క్లబ్బులకు చేరాలి. దీనితో పాటు శిక్షణ పరిహారం అనే మరో చెల్లింపు ఉంది. అది పురుషుల ఫుట్‌బాల్‌కే వర్తిస్తుంది. ఒప్పందాలు, నమోదు పత్రాలు ఉన్న క్లబ్బుకే ఈ సొమ్ము అందుతుంది. బడి మైదానంలో, ఊరి గ్రౌండులో ఆట నేర్పిన వారికి ఫీజు ఎన్ని కోట్లయినా వాటా రాదు.