మరవ ఎక్కే చేప, ఆనకట్ట కింద ఆగిన పులస

ఈరోజు టమోటా రేటు గురించి కాదు, చేప గురించి రాస్తా ఉండాను. కొంచెం పొడుగు పోస్టు. పాలు పోసి వచ్చినాక తీరిగ్గా చదవండి.

నా చిన్నప్పుడు మా చెరువు మరవ పారితే ఊరంతా అక్కడే ఉండేది. నీళ్లు కిందికి పారతా ఉంటే పరిగలు, జెల్లలు పైకి ఎక్కేవి. అప్పట్లో మరవ అంటే ఏటవాలుగా పేర్చిన బండరాళ్లు. చేప ఒక రాయి సందులో ఆగి, ఊపిరి తీసుకుని, ఇంకో రాయి ఎక్కేది. మేము గంపలు పట్టుకుని నిలబడేవాళ్లం. మా నాయన మాత్రం "ఎక్కేదాన్ని అంతా పట్టొద్దురా, అది గుడ్లు పెట్టను పోతా ఉంది" అనేవాడు. తర్వాత ఎప్పుడో ఆ మరవకు నిటారుగా సిమెంటు గోడ కట్టినారు. నీళ్లు బాగా నిలబడినాయి, మేమూ సంతోషపడితిమి. ఆ గోడను మాత్రం ఒక్క చేపా ఎక్కలేదు. కొన్నేళ్లకు చెరువులో జిలేబి చేప తప్ప వేరేది కనబడకుండా పోయింది.

ఇదే కథ గోదావరిలో నూటడెబ్బై ఏళ్ల క్రితం చాలా పెద్దగా జరిగింది. గోదావరితో పలమనేరోళ్లకు ఏం పని అంటారా? పని ఉంది. హంద్రీ నీవా కాలవలో మనకొచ్చేది శ్రీశైలం కాడ ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు. 2025 ఆగస్టులో కుప్పం దాకా వచ్చినాయి. కృష్ణా డెల్టాకు 2015 నుంచి పట్టిసీమ దగ్గర గోదావరి నీళ్లు తోడి ఇస్తా ఉండారు. అట్లా మిగిలే కృష్ణ నీళ్లు సీమకు వాడుకోవచ్చు అనేది లెక్క. అంటే మన మడిలో పారే నీళ్లకు గోదావరితో కూడా బంధుత్వం ఉన్నట్టే.

1833లో గుంటూరు పక్క ఘోరమైన కరువు వచ్చింది. 1839లో గోదావరి తీరాన్ని తుపాను ముంచేసింది. పక్కనే నిండు ఏరు పారతా ఉన్నా జనం ఆకలితో చచ్చిపోయే కాలం అది. ఆర్థర్ కాటన్ దొర 1844లో రిపోర్టు రాసినాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది. దాంతో డెల్టా ధాన్యాగారం అయింది. అక్కడి రైతులు ఈరోజుకీ కాటన్‌కు దండలు వేస్తారు. వెయ్యి అడుగుల బోరు వేసి దుమ్ము చూసిన మనకు ఆ దండ విలువ ఇంకా బాగా తెలుసు. కాబట్టి ఆనకట్ట తప్పు అని నేను చెప్పడం లేదు.

కానీ ఆ ఏట్లో ఇంకొకరికి కూడా పని ఉండేది. పులసకు. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు. వానాకాలంలో గోదావరికి ఎర్రనీళ్లు వస్తే అది ఏటికి ఎదురెక్కి, మంచినీళ్లలో గుడ్లు పెట్టి, మళ్లీ సముద్రానికి పోతుంది. పిల్లలు కొన్నాళ్లు ఏట్లో పెరిగి కిందికి దిగుతాయి. ఎదురీదే కొద్దీ దాని రుచి మారుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాల అనే సామెత దానికే పుట్టింది. ఆనకట్ట కట్టినాక దాని దారికి అడ్డంగా గోడ లేచింది. గోడ కింద ఆగిపోయిన చేపను వల వేసి పట్టడం సులభం. ఎక్కను దారి లేదు, ఆగితే వల.

దీన్ని అప్పుడే ఒకాయన గమనించినాడు. ఫ్రాన్సిస్ డే అని, మద్రాసులో పనిచేసిన డాక్టరు. 1871లో దేశం మొత్తానికి మత్స్యశాఖ పెద్ద అధికారి అయినాడు. ఏటి చేపల మీద 1873లో వచ్చిన తన రిపోర్టులో, దారి వదలకుండా ఆనకట్టలు కడితే చేప నాశనమవుతుందని హెచ్చరించినాడు. 1897లో చేపల చట్టం వచ్చింది. నీళ్లలో మందుగుండు పేల్చడం, విషం కలపడం నేరం అని అందులోనే ఉంది. మన ఏర్లలో ఇప్పటికీ తూటాలు పేల్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాల.

చేపలకు మెట్లు కట్టొచ్చు కదా అంటే, ఆ మెట్లు తెల్లోళ్ల దేశంలో సాల్మన్ అనే చేపకు కనిపెట్టినవి. సాల్మన్ ఎగిరి దూకుతుంది. పులస అట్లా దూకదు. ఒకరి చెప్పు ఇంకొకరి కాలికి పట్టదు. ముందే ఆ చేపను చూసి దారి కట్టాల.

మనకు దగ్గరగా ఉండే కావేరి సంగతి చూడండి. 1934లో మెట్టూరు డ్యాం పూర్తయినాక అక్కడ పులస పట్టుబడి పడిపోయింది. ఆ కావేరిలోనే మూపు ఉండే పెద్ద మహసీర్ చేప ఉంది, యాభై కిలోలు దాటి పెరుగుతుంది. 2018లో దాన్ని అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చినారు. డ్యాములు, ఇసుక తవ్వకం, తూటాలు దాన్ని దెబ్బతీసినాయి. మేలు చేస్తామని వేరే పక్క మహసీర్ పిల్లలను తెచ్చి వదిలితే అవీ దాని చోటు ఆక్రమించినాయి. పులస అయితే ప్రపంచం మొత్తం మీద ఆ జాబితాలో లేదు. కానీ గోదావరి పులస ఏటేటా కరువవుతా ఉంది. ఒక్కో చేప వేలల్లో పలకడం దానికే సాక్ష్యం.

చేప పేరు చెప్పి రైతు నోట్లో మట్టి కొడతారేమో అని మీకు అనుమానం రావొచ్చు. అట్లా కూడా జరిగింది. అమెరికాలో క్లామత్ అనే ఏటి కింద 2001 కరువులో చేపల కోసమని సుమారు 1,400 మంది రైతులకు కాలవ నీళ్లు ఆపేసినారు. పైరు ఎండింది, రైతులు రోడ్డెక్కినారు. మరుసటి ఏడు నీళ్లు రైతులకు ఇచ్చినారు. 2002 సెప్టెంబరులో కింద ఏట్లో ముప్పై వేలకు పైగా సాల్మన్ చేపలు చచ్చి తేలినాయి. ఒక ఏడు రైతు ఏడ్చినాడు, ఇంకో ఏడు చేపను నమ్ముకున్న అక్కడి ఆదివాసులు ఏడ్చినారు. నీళ్లన్నీ పంచేసినాక కొట్లాడితే ఎవరో ఒకరు ఏడవాల్సిందే.

అందుకే నాకు పోలవరం సంగతి నచ్చింది. అక్కడ స్పిల్‌వేలో పులస కోసం చేపల మెట్లు పెట్టినారు. దాని డిజైన్‌కు కేంద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ల సలహా తీసుకున్నారు. కాంక్రీటు పోసే ముందే చేపను లెక్కలోకి తీసుకున్నారు. కానీ పోలవరం పైన ఉంది, ధవళేశ్వరం కింద ఉంది. పాత ఆనకట్ట స్థానంలో 1982కు పూర్తి చేసిన 175 గేట్ల బ్యారేజీ దాటితే కదా చేప పై మెట్లు ఎక్కేది? వరదకు గేట్లెత్తినప్పుడు దాటినవే దాటాల. కింద మూసిన దారి పైన తెరిస్తే చాలదు.

నేను చెప్పొచ్చేది ఒకటే. నీళ్లు మనకు కావాల, అందులో అనుమానం లేదు. చేప అడిగేది మన వాటా కాదు, దారి. దాన్ని కట్టే రోజే వదిలితే ఖర్చు తక్కువ. మరిచిపోతే నూటడెబ్బై ఏళ్లయినా సరిచేయలేము.

ఇప్పుడు కాలవ నీళ్లతో మన చెరువులు నింపుతారు. మరవలు, తూములు రిపేరు చేస్తారు. ఆ రోజు మనం పక్కన నిలబడి మూడు మాటలు అడగాల. మరవకు ఒక పక్కన ఏటవాలుగా రాళ్లు పేర్చమనాల. ఎండాకాలంలో చెరువు గుంతలో మోకాలు లోతు నీళ్లైనా మోటరు పెట్టి తోడకుండా వదలాల. తూటాలు, విషం పెట్టేవాళ్లను ఊరే ఆపాల. ఈ మూడింటికీ మన పైరు ఒక్క తడి కూడా తగ్గదు.

మొన్న మా మనవడు అడిగినాడు, "తాతా, చేప పైకి ఎక్కుతుందా?" అని. నోటితో చెప్తే నమ్మలేదు. ఈసారి మరవ పారినప్పుడు చూపించాలని నా కోరిక.

మీ ఊరి చెరువు మరవ ఇప్పుడు ఎట్లా ఉందో, ఏ చేపలు మిగిలినాయో కింద రాయండి.